అల్ ఖువైర్‌కు మళ్ళిన బండి

1998 ఫిబ్రవరి 6, శుక్రవారం

నేను పని చేసే ఇంటాయన బాబాకు బ్యాంకోళ్ళు రెండు డైరీలు ఇచ్చినారంట. ఒకటి నాకిచ్చి, ఇంటి సామాన్లు రాసుకో జైనబీ అన్నాడు. సామాన్లు నాకు నోటికే వస్తాయి. అందుకే ఇందులో నా సంగతులు రాసుకుంటా. రాయచోటి హైస్కూల్లో పదో క్లాసు దాకా తెలుగులోనే చదివినా. అక్షరాలు వంకర పోతాండాయి గానీ మర్చిపోలేదు.

ఈరోజు ఆయన వచ్చినాడు.

కొత్త డైరీ కదా, మొదట్నుంచి రాస్తా. మా ఆయన ఖాదర్‌వలి. ఇబ్రిలో ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో ట్రైలర్ డ్రైవర్. రుసైల్ ఫ్యాక్టరీలో సిమెంట్ ఎత్తుకొని ఇబ్రికి పోతాడు. టోకెన్ తీసుకున్నాక లోడింగ్‌కు మూడు గంటలు టైం పడుతుంది. ఆ టైంలో ఖాళీ బండి తోలుకొని నేను పని చేసే అల్ ఖువైర్‌కు వస్తాడు. పోను రాను అరవై కిలోమీటర్లు. మసీదు వెనక గ్రౌండ్‌లో బండి పెడతాడు. నేను టిఫిన్ క్యారియర్ తీసుకొని పోతా. క్యాబిన్‌లో ఒక గంట కూర్చుంటాం. పెండ్లయి తొమ్మిదేండ్లు. ఇద్దరమూ ఈ అరబ్బు దేశంలో ఉండబట్టి నాలుగేండ్లు. మా కాపురమంతా ఆ క్యాబిన్‌లోనే.

ఫిబ్రవరి 20

వచ్చినాడు. కోడికూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పలేదు. ఇంటికొచ్చి నేను తింటే తెలిసింది.

మార్చి 19, గురువారం

బాబా మినిస్ట్రీలో పని చేస్తాడు. మధ్యాహ్నం చుట్టాలతో కూర్చొని చమురు మాట్లాడతాండాడు. బ్యారెల్ ధర పడిపోయిందంట. నేను కాఫీ పోస్తా, అయితే మంచిదే కదా బాబా, డీజిల్ చవకవుతుంది, డ్రైవర్లు బతుకుతారు అన్నా. నాకొచ్చిన అరబ్బీలోనే.

అందరూ నవ్వినారు. బాబా నవ్వలేదు. నన్ను నిలబెట్టి చెప్పినాడు. ఖర్జూరం ధర పడిపోతే కొని తినేవానికి పండగ, తోట ఉండేవానికి కాదు. ఈ దేశానిది తోట ఉండేవాని బతుకు అన్నాడు. పంపులో ధర సర్కారు పెట్టింది, అది కదలదు. కానీ చమురు అమ్మిన డబ్బుతోనే రోడ్లు, స్కూళ్ళు, ఆఫీసులు కడతారు. ఆ డబ్బు తగ్గితే కట్టేది ఆగుతుంది. కట్టేది ఆగితే సిమెంట్ ఎవరికి?

సిమెంట్ అనే మాట దగ్గర పోసేది ఆపడం మర్చిపోయినా. కప్పు నిండి సాసర్లోకి కారింది.

మార్చి 27

వచ్చినాడు. బాబా చెప్పిందంతా చెప్పినా. ఆయన మరిది ఇమ్రాన్ జాబు చదివి వినిపించినాడు. నాకు మరిది, ఆయనకు తమ్ముడు. తొందరలో తప్పు రాసినా, ఉండనీ. ఇమ్రాన్ మదనపల్లె టమాటా మద్రాసుకు తోలుతాడు. పోయిన సెప్టెంబర్లో డీజిల్ ధర పెంచినారు కదా, మండీవాళ్ళు బాడుగ మాత్రం పెంచలేదంట. ప్రపంచమంతా చమురు చవకైందని పేపర్లో వేస్తాండారు, మన పంపులో ఎందుకు తగ్గదు, నువ్వు చమురు దేశంలో ఉండావు కదన్నా, కనుక్కొని రాయి అని రాసినాడు.

ఆయన నా మొగం చూసినాడు, నేను ఆయన మొగం చూసినా. మనం డాలర్లు పెట్టి కొనాల, రూపాయేమో దిగిపోతాండాది, పైన టాక్సులు, అందుకే అయ్యుంటుంది అన్నాడు. నాకు అర్థమైంది ఒక్కటే. ధర పెరిగితే మా ఊరి డ్రైవరుకు కష్టం. తగ్గితే ఈడి డ్రైవరుకు కష్టం. ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు.

ఏప్రిల్ 17

రాలేదు.

ఏప్రిల్ 24

రాలేదు. సాయంత్రం ఫోన్ చేసినాడు. ఇబ్రిలో రెండు బిల్డింగుల పని నిలిపేసినారంట. వారానికి ఐదు ట్రిప్పులుండేది రెండయినాయి. కంపెనీ కొత్త రూల్ పెట్టింది. ట్రిప్పుకు ఇన్ని లీటర్లని ఇస్తారు. దాటితే జీతంలో కోస్తారు. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు ట్యాంకులో కొలకర్ర పెట్టి చూస్తారంట.

అయితే ఈ పక్కకు రావద్దు అన్నా. ఊఁ అన్నాడు. ఆ ఊఁ నాకు తెలుసు. వినడు.

మే 8

వచ్చినాడు! గ్రౌండ్‌లో బండి చూసి నిజమా అనుకున్నా. చొక్కా వీపున ఉప్పు తెల్లగా చారలు కట్టింది. వచ్చీరాగానే రెండు బాటిళ్ళ నీళ్ళు తాగినాడు. ఎండలు అన్నాడు. డీజిల్ ఎట్ల సరిపోయింది అని అడగాలనుకున్నా. అడగలేదు. వచ్చినాడు కదా.

మే 22

ఈరోజు అడిగినా. బండి మైలేజ్ పెరిగింది, సర్వీసింగ్ బాగా చేసినారు అన్నాడు. బండి సంగతి డ్రైవర్ చెప్తే నేనేమని కాదంటా? నమ్మినా.

జూన్ 12

క్యారియర్ పెట్టుకొని గ్రౌండ్‌లో నిలబడినా. జుమ్మా నమాజు అయిపోయింది, జనం పోయినారు, కార్లు పోయినాయి. రాలేదు.

జూన్ 13

పోచన్న ఫోన్. బాబా భార్యను మామా అంటా నేను. ఆమే ఎత్తి, నా మొగం చూసి, రిసీవర్ నా చేతిలో పెట్టి పక్కనే నిలబడింది.

పోచన్నది జగిత్యాల దిక్కు. మా ఆయన కంపెనీలోనే డ్రైవర్, ఆయన రూమ్మేట్. యాభై ఉంటాయి. నన్ను చెల్లె అంటాడు. భయపడకు చెల్లె, ఇప్పుడు మంచిగనే ఉన్నడు అని ముందే చెప్పినాడు. దాంతోనే ఏదో అయిందని తెలిసింది.

నిన్న పొద్దున ఖాళీ బండితో వస్తా వస్తా దారిలో ఇజ్కీ ఊరు దాటినాక రోడ్డు పక్కకు అడ్డంగా ఆపేసినాడంట. వెనకొస్తున్న పోచన్న చూసి దిగితే ఇంజిన్ నడుస్తాండాది, మనిషి స్టీరింగ్ మీద పడి ఉండాడు. ఒళ్ళు కాలిపోతాండాదంట. డబ్బాలో నీళ్ళన్నీ మీద పోసి, తన బండిలో ఎక్కించుకొని ఆస్పత్రికి తీసుకుపోయినాడు. ఎండదెబ్బ. సెలైన్లు ఎక్కించినారు.

బండిలో ఏసీ ఉంది కదా అన్నా, ఎండదెబ్బ ఎట్ల తగులుతుంది?

పోచన్న అన్నాడు: "చెప్పద్దని ఒట్టు వెట్టిచ్చుకున్నడు చెల్లె. కానీ నువ్వడుగుతున్నవ్. ఏప్రిల్ నుంచి ఏసీ ఎయ్యడు. అద్దాలు దించి, అరవై దాటకుంట నడుపుతడు. ఇరవై లీటర్లు మిగుల్తయి. ఆ ఇరవై లీటర్లు నీ దగ్గరికి రానీకె."

జూన్ 14

పొద్దున్నుంచి ఆయన్ను తిడతానే ఉండా. బియ్యం కడుగుతా తిట్టినా, ఇస్త్రీ చేస్తా తిట్టినా. నలభై ఎనిమిది డిగ్రీలంట ఆ రోజు. అద్దాలు దించితే వచ్చేది గాలి కాదు, పొయ్యి. ఇబ్రి నుంచి రుసైల్ దాకా ఆ పొయ్యిలో కూర్చొని, ఈడికొచ్చి, నా ముందర నవ్వుకుంటా అన్నం తిని, మళ్ళీ సిమెంట్ ఎత్తుకొని ఆ పొయ్యిలోనే పోయినాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. నేను మైలేజ్ పెరిగిందని సంతోషపడినా. తలకాయ ఉందా నాకు? ఆ చొక్కా చూసి కూడా తెలుసుకోలేదే!

ఇంకొకటి రాయాల, రాయకుంటే అబద్ధం అవుతుంది. తిడతా తిడతా మధ్యలో నిలబడిపోయి, నాకోసమా అనుకున్నా. పెండ్లిలో గాజులు తెచ్చినాడు, పండక్కి చీర తెచ్చినాడు. అవన్నీ ఎవరైనా తెస్తారు.

జూన్ 19, శుక్రవారం

ఇబ్రికి పోయొచ్చినా.

బాబా వాళ్ళ ఊరు బహలా. శుక్రవారం తల్లిని చూసేదానికి పోతాడు. నన్నూ ఎక్కించుకోమని అడిగినా. బహలాలో ఆగకుండా ఇంకో గంట పైన తోలి, నన్ను మా ఆయన క్యాంపు గేటు కాడ దించి, సాయంత్రం అసర్ నమాజుకు వస్తానన్నాడు. దారంతా నేను కిటికీలోంచి బయటికే చూసినా. మా ఆయన తోలే రోడ్డు నేను చూడడం ఇదే మొదలు. రాళ్ళు, కొండలు, తెల్లటి ఎండ. కారులో ఏసీ చల్లగా ఉంటే నాకు ఏడుపొచ్చింది.

రూమ్‌లో ఎనిమిది మంది ఉంటారు. నేనొస్తానని తెలిసి అందరూ పక్క రూముల్లోకి పోయినారు. పోచన్న గ్లాసులు తోమి టీ పెట్టి, ఆకిట్లోంచే అందిచ్చి పోయినాడు.

మా ఆయన మంచం మీద కూర్చొని ఉండాడు. బుగ్గలు లోపలికి పోయినాయి. వారమంతా తిట్లు తయారు చేసుకొని పోయినా.

"ఇంకోసారి ఏసీ ఆపితే నేను గ్రౌండ్‌కు రాను" అన్నా.

"ఇంక ఆ గ్రౌండ్‌కు నేనూ రాను జైనబీ" అన్నాడు.

ఇబ్రి పని మూసేస్తాండారంట. సగం మంది డ్రైవర్లను జూలైలో ఊర్లకు పంపుతారు. లిస్టులో పోచన్న ఉండాడు. మా ఆయన్ను మాత్రం దూరంగా సూర్‌కు మారుస్తారు. ఆడ గ్యాస్ ప్లాంట్ కడతాండారు, దాని అగ్రిమెంట్లు ముందే అయిపోయినాయి, ఈ సంవత్సరం ధర పడిందని అది ఆగదు. ఉద్యోగం ఉంటుంది. కానీ సూర్ బండ్లు అల్ ఖువైర్ పక్కకు రావు. ఆరు నెల్లకో, సంవత్సరానికో లీవు పెట్టి వస్తా అన్నాడు, గోడ పక్కకు చూస్తా.

జూన్ 20

నాలుగేండ్లలో ఈ ఇంట్లో నేను ఏమీ అడగలేదు. లీవు అడగలేదు, జీతం పెంచమని అడగలేదు.

జూన్ 26

మామా చెల్లెలు సూర్‌లో ఉంటుంది. ఆమెకు పోయిన వారం కవలలు పుట్టినారు. పని మనిషి కావాలని ఫోన్‌లో ఏడుస్తాంది. మామా ఫోన్ పెట్టేసినాక నేను గిన్నె కింద పెట్టి, నన్ను పంపు మామా అన్నా.

ఆమె లేచి లోపలికి పోయింది.

జూన్ 29

మూడు రోజులైంది. మామా నాతో మాట్లాడడం లేదు. ఏం కావాలన్నా వాళ్ళ పాప నవాల్‌తో చెప్పి పంపుతాంది.

జూలై 1

మామా వంటింట్లోకి వచ్చింది. నేను ఉల్లిగడ్డలు కోస్తాండా. "నవాల్‌కు జడ ఎవరు వేస్తారు?" అని అడిగింది. పాపకు ఐదేండ్లు, నేను వేస్తే తప్ప వేయించుకోదు. నీకు నేర్పించి పోతా అన్నా. ఆమె ఏడ్చింది, నేను ఏడ్చినా. ఇద్దరమూ నెపం ఉల్లిగడ్డల మీద పెట్టినాము. తర్వాత, నీ వీసా కాగితాలు మా చెల్లెలింటికి మార్పించమని బాబాకు చెప్తా అంది.

మధ్యాహ్నం బాబా అన్నం కాడ అన్నాడంట, ఈ బ్యారెల్ ధర మా మినిస్ట్రీ బడ్జెట్ తీసుకుపోయింది చాలక మా ఇంటి బిర్యానీ కూడా తీసుకుపోతాంది అని.

జూలై 17

పోచన్న ఎయిర్‌పోర్ట్ నుంచి ఫోన్ చేసినాడు. ఊర్లో ఏం చేస్తావన్నా అని అడిగినా. లారీ నడుపుతడంట. ఆడ డీజిల్ ధర ఎక్కువ కదా అన్నా. "పిరమే చెల్లె. కానీ ఆడ గౌరవ్వ ఉంటది. పదకొండేండ్లయింది ఆమె ఒండింది రోజూ తినక" అన్నాడు. గౌరవ్వ ఆయన భార్య.

ఖాదర్‌ను బతికించినావు అని చెప్పాలనుకున్నా. లైన్ కట్టయింది.

ఆగస్టు 7

కాగితాలు వచ్చినాయి. మామా వేసిన జడ వంకరగా ఉండాది. నవాల్ విప్పుకోలేదు.

ఆగస్టు 21, శుక్రవారం. సూర్

సాయంత్రం ఇద్దరం సముద్రం కాడికి నడుచుకుంటా పోయినాము. నేను మోకాళ్ళ దాకా దిగినా. ఆయన చెప్పులు కూడా విప్పలేదు. నీళ్ళంటే భయమంట. తొమ్మిదేండ్లకు తెలిసింది నాకు.