నిద్రించిన నాచు

హన్మకొండ,
ఏప్రిల్

ప్రియమైన రాజేశ్వర్ రావుకు,

నీకు చెవులు పోయాయని తెలిసి ఫోన్ మాని ఉత్తరం రాస్తున్నాను. దీన్నుంచి తప్పించుకోలేవు.

కాలేజీలో నేను బోటనీ, నువ్వు కెమిస్ట్రీ చెప్పే రోజుల్లో, హసన్‌పర్తి చెరువు మీద నేనొక వ్యాసం చదివాను. అడుగు బురదలోని నాచు చావలేదు, 'నిద్రించినది' అన్నాను. స్టాఫ్‌రూంలో నువ్వు లేచి, "ఫ్రాన్సిస్, గది మీ సమాధుల మీద రాసే మాట గదా. సచ్చిందనే గద అర్థం" అన్నావు. అందరూ నవ్వారు. రిటైరయ్యేదాకా నేను 'సమాధుల సారు'నే. ఆ మాట నీకెక్కడ దొరికింది? నా భార్య కృపమ్మ జ్ఞాపకార్థ కూడికకు వచ్చి, ఆమె సమాధి రాతి మీద చదివి నేర్చుకున్నావు. నెల తిరక్కుండానే నా మీద వాడావు.

ఇప్పుడు విను. మన శిష్యురాలు శ్రీలత ఇప్పుడు అదే కాలేజీలో, నా బోటనీ డిపార్ట్‌మెంట్‌లోనే పని చేస్తోంది. చెరువు ఎండితే అడుగులోకి గొట్టం దించి నిలువునా మట్టి తీసింది. కింది ముక్క నూరేళ్ల కిందటిదని హైదరాబాద్ ల్యాబ్ తేల్చింది. దాంట్లో కొంత సీసాలో వేసి, నీళ్లు పోసి కిటికీలో పెట్టాం. పచ్చబడితే నువ్వు అదే స్టాఫ్‌రూంకు వచ్చి నీ మాట వెనక్కి తీసుకోవాలి.

కోపాన్ని ఇంకా భద్రంగా దాచుకున్న
ఫ్రాన్సిస్


పరకాల

ప్రియమైన ఫ్రాన్సిస్‌కు,

చెవులు పోయినా కళ్లున్నాయి. నీ తిట్లన్నీ చదివాను.

మా బర్రెల తొట్టిలో నీళ్లు వారం మార్చకపోతే పచ్చబడతాయి. అదీ నూరేళ్ల నాచేనా? గాలికి వచ్చింది నీ సీసాలో పడితే, నువ్వు ఊరంతా చాటుతావు. మిగిలిన మట్టిలో సగం బాగా ఉడికించి ఒక సీసాలో, ఉడికించని సగం ఇంకో సీసాలో వెయ్యి. రెండింటికీ కాచి చల్లార్చిన నీళ్లే పోసి, మూతికి దూది బిగించు. రెండూ పచ్చబడితే నోరు మూసుకో. ఉడకనిది ఒక్కటే పచ్చబడితే వస్తాను.

నీ ఉత్తరం మా ఆవిడ సరస్వతి కూడా చదివింది. "గా కూడిక ముచ్చట నిజమేనా?" అని అడిగింది. నేను లేచి బర్రెల దగ్గరికి పోయాను.

నీ
రాజేశ్వర్ రావు


హన్మకొండ,
జూన్

ప్రియమైన ఓడిపోయినవాడా,

నువ్వు చెప్పినట్టే చేశాం. ఉడికించిన సీసా నీ కెమిస్ట్రీ పాఠంలాగే చలనం లేకుండా ఉంది. రెండోదాంట్లో ముందు వెలుతురు పడే వైపు గాజుకు లేత పొర పట్టింది. ఇప్పుడు సీసా అంతా గోరింటాకు నూరిన నీళ్లలా ఉంది.

మైక్రోస్కోపులో చూశాను. గోడ మందం చేసుకుని ముడుచుకున్న కణం పగిలింది. లోపలి నుంచి చిన్నవి ఈదుకుంటూ బయటికొచ్చాయి. "సార్, జర జరుగుండ్రి, నేను గూడ చూస్త" అని శ్రీలత అనేదాకా కన్ను తీయలేదు. చీకట్లో, గాలాడని చోట, ఉన్న కాస్త తిండినీ దాదాపు ముట్టకుండా బతికాయి. వెలుతురు తగిలింది, లేచాయి. బాల్టిక్ సముద్రం అడుగున దాదాపు ఏడు వేల ఏళ్లు పడుకున్నవీ ఇట్లాగే లేచాయి. నువ్వు పేపర్లో చావు కబుర్లు తప్ప ఏమీ చదవవు కాబట్టి చెబుతున్నాను.

బుధవారం రా.

గెలిచిన
ఫ్రాన్సిస్


పరకాల

ప్రియమైన ఫ్రాన్సిస్‌కు,

వచ్చాను, చెప్పాను. "నాచు సావలే, పండుకున్నది. ఫ్రాన్సిస్ సారు అన్నదే ఖరారు" అన్నాను. నాకు వినబడదు కదా, ఎంత గట్టిగా అరిచానో ఏమో, అటెండర్ వెంకటయ్య గ్రౌండ్ నుంచి ఉరికొచ్చాడు. కొత్త లెక్చరర్లు సంగతేమిటో తెలియకుండానే చప్పట్లు కొట్టారు. నువ్వు నవ్వావు. నీ నవ్వు చూసి ఎన్నేళ్లయిందో.

కానీ బస్సులో ఒకటి తట్టింది. 'నిద్రించినది' అంటే పని అయిపోయినట్టు. లేచేదే అయితే 'నిద్రిస్తున్నది' అనాలి. భూతకాలం ఎందుకు వేశావు? నాచు దగ్గర గెలిచావు గాని వ్యాకరణం దగ్గర ఓడావు.

నీ
రాజేశ్వర్ రావు


హన్మకొండ,
జులై

ప్రియమైన మిత్రుడు రాజేశ్వర్ రావుకు,

నీ ఉత్తరం చదివి పొద్దంతా తిట్టుకున్నాను. నీ నోరు మూయిద్దామని ఇంట్లో ఉన్న వ్యాకరణాలన్నీ తిరగేశాను. ఒక్కటీ నా పక్షాన మాట్లాడలేదు.

మరునాడు రాతి మేస్త్రీని వెంటబెట్టుకుని సమాధుల తోటకు పోయాను. కృపమ్మ రాతి మీద 'ప్రభువునందు నిద్రించెను' అని ఉంది. చివరి అక్షరాలు చెక్కేయించి, 'నిద్రించుచున్నది' అని కొట్టించాను. మేస్త్రీ మధ్యలో ఉలి ఆపాడు.

"గిన్నేండ్లకు దిద్దిపిస్తాండ్రు, పేరు తప్పు వడ్డదా సారూ?"

"పేరు కాదు," అన్నాను. "కాలం తప్పు."

చెరువులోకి కొత్త నీళ్లు వస్తున్నాయి. సరస్వతిని తీసుకుని రా. రాతి మీద మాట మళ్లీ చదువు. ఈసారి గట్టిగా చదువు.

నీ
సమాధుల సారు