ఎడమ పేజీ, కుడి పేజీ

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. నా కడుపుమంట తప్ప ఇంట్లో వేరే జబ్బేమీ లేదు. నీ కంటి ఆపరేషన్ బాగా జరిగిందనీ, కట్టు విప్పేశారనీ తమ్ముడు రాశాడు. చుక్కలు వేళకు వేయించుకో, మరదలి మీద విసుక్కోకు.

నువ్వు మూడు సంగతులు అడిగావు. నీ అల్లుడి మోకాలి నొప్పి తగ్గింది. వంటగది గోడ చెమ్మ తగ్గలేదు. ఇక మూడోది: "ఆ గడియారం మాస్టారి పాఠం ఏమైంది? నా మనవరాలు రాసింది చూస్తే బుద్ధిమంతుడిలాగే ఉన్నాడే!" అని. ముప్పై ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పినదానివి, నన్ను ఒక్కసారి "బాగా చెబుతావే" అన్న పాపాన పోలేదు. మొహం కూడా చూడని మనిషిని మెచ్చుకుంటావా? ఆ వాక్యం చదివి నీ ఉత్తరాన్ని అలమరలోకి విసిరేశాను. అందుకే జవాబు ఇంత ఆలస్యం.

ఆయన మా బడికి ఈ ఏడే వచ్చిన లెక్కల మాస్టారు. తీరిక దొరికితే పిల్లలు తెచ్చిన పాత గడియారాలు బాగుచేస్తాడు, అందుకే ఆ పేరు. ఆయన బల్ల చుట్టూ ఎప్పుడూ బెల్లం చుట్టూ ఈగల్లా పిల్లలే. నా గది ముందు నుంచి మాత్రం అడుగుల చప్పుడు వినబడకుండా వెళ్లిపోతారు.

పరిణామ పాఠంతో పాటు, ప్రాణులను ఏదో ఒక తెలివి రూపొందించిందనే పాఠం కూడా సైన్సు గంటలోనే చెప్పాలని కొందరు తల్లిదండ్రులు బడి కమిటీకి అర్జీ పెట్టారు. కమిటీవాళ్లు పాము చావకుండా కర్ర విరగకుండా ఒక దారి వెతికారు. గడియారం మాస్టారు తొమ్మిదో తరగతికి ఆ పాఠం ఒకసారి చెప్పి చూపించాలి. నేను వెనక బల్ల మీద కూర్చుని పరిశీలన రాయాలి. అది చదివి వాళ్లు తేలుస్తారు. దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే.

ఆయన అలారం గడియారం విప్పి చక్రాలు, స్ప్రింగులు కాగితం మీద పరిచాడు.

"ఇవన్నీ డబ్బాలో పోసి ఊపితే గడియారం అయిపోతుందా?"

"అవదు సార్!"

"మరి మీ కన్ను? ఇంతకన్నా చిక్కైన పని కదా అది!"

నాకు నాలుక దురదపెట్టింది. అంత తెలివితో చేసిన కన్నయితే మా అమ్మకి మసకెందుకొచ్చింది స్వామీ అని అడగాలనిపించింది. గడియారాలు పిల్లల్ని కనవు, ప్రాణులు కంటాయి. ఒక్కో తరంలో కాస్త కాస్త మార్పు చేరుతుందనే కదా నేను ఏళ్ల తరబడి నెత్తీ నోరూ కొట్టుకుంటున్నది! కానీ నా గంటలో గోడకానుకుని కునుకు తీసే పొడుగు కుర్రాడు ఆయన్ని మూడు ప్రశ్నలు అడిగాడు. అదే తరగతిలో ఉన్న నీ మనవరాలైతే రెప్ప వేయలేదు. నా ఒళ్లు మండిపోయింది. అది సైన్సు మీద ప్రేమ కాదమ్మా, పచ్చి అసూయ.

కమిటీ అర్జీ కొట్టేసింది. ఆయన్ని పెద్ద తరగతుల నుంచి తప్పించి చిన్న తరగతులకు పంపింది. నా పరిశీలన నకలు నోటీసు బోర్డుకు అంటించారు. ఆ సాయంత్రం ఇంటికి పాట పాడుకుంటూ వచ్చాను.

భోజనాల దగ్గర నీ మనవరాలు ముద్ద కలుపుతూ ఆగింది.

"అమ్మా, పుస్తకంలో పాఠం అబద్ధమని సార్ అన్నారని రాశావు. ఆయన అలా అనలేదు."

"అన్నట్టేలేవే."

"అన్నట్టా, అన్నారా? నువ్వు రాసింది ఎడమ పేజీలో."

నీ అల్లుడు తలెత్తి నా వైపు చూశాడు. నేను కంచంలో చెయ్యి కడిగేసుకున్నాను.

ఎడమ పేజీలో కళ్లతో చూసింది, చెవులతో విన్నది. కుడి పేజీలో మనం అనుకున్నది. నువ్వు నాకు నేర్పావు, నేను దానికి నేర్పాను. కప్ప గుండె ఎలా ఉందో రాసేటప్పుడు ఆ గీత దాటితే పిల్లల చేత పేజీ మొత్తం తిరిగి రాయిస్తాను. అలాంటిది, ఆయన మనసులో అదే ఉండి ఉంటుందని నేను అనుకుని, ఆయన నోట విన్నట్టు రాశాను.

ఆయన నిజంగా అన్నదేమిటో చెప్పనా? గడియారం మళ్లీ బిగిస్తూ, "ఇది నా నమ్మకం రా. దీన్ని పరీక్షించే దారి నాకు తెలియదు. పరీక్షకు నిలిచేది మీ టీచరుగారు చెబుతారు, శ్రద్ధగా వినండి" అన్నాడు. ఆ ఒక్క మాట ఉన్నదున్నట్టు రాసినా అర్జీ వీగిపోయేది. నిజం రాసినా నేనే గెలిచేదాన్నమ్మా. కానీ ఆయన నన్ను గౌరవించాడని నా చేత్తో రాయాల్సి వచ్చేది.

ఈ ఉదయం కొత్త పరిశీలన పట్టుకెళ్లి హెడ్‌మిస్ట్రెస్‌కు ఇచ్చాను.

"ఇది బయటపెడితే అర్జీ మళ్లీ విచారణకు వస్తుంది. ఈసారి నీ మాట ఎవరూ నమ్మకపోవచ్చు. ఆలోచించుకున్నావా?" అంది.

"ఆలోచించానండి. నకలు బోర్డుకు అంటించండి."

తర్వాత ఆయన దగ్గరికి వెళ్లాను. ఒకటో తరగతి పిల్లల చేత చింతపిక్కలు లెక్కపెట్టిస్తున్నాడు. "మీకు పొరపాటున అలా వినబడి ఉంటుందనుకున్నానండి" అన్నాడు. పొరపాటున వినబడలేదనీ, కావాలనే రాశాననీ చెప్పాను. ఆయన నా వైపు చూడకుండా వంగి కింద పడ్డ పిక్కలు ఏరసాగాడు. నేను వచ్చేశాను.

కొత్త కాగితంలో కుడి పేజీలో ఒకటే రాశాను: ఇది సైన్సు గంటలో చెప్పవలసిన పాఠం కాదు. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. ఎడమ పేజీలో ఆయన మాటలన్నీ ఉన్నాయి. చిట్టచివరి వాక్యం దగ్గరే కలం మొరాయించింది. నీ మనవరాలు పక్కన కూర్చుని రాసేదాకా కదలనివ్వలేదు: "నలభై ఇద్దరు పిల్లల్లో ఒక్కరూ నిద్రపోలేదు."

నన్ను తిట్టాలనుంటే తిట్టు. ఆయన్ని మాత్రం ఈసారి ఉత్తరంలో మెచ్చుకోకు. ఇంకా మండుతూనే ఉంది.

ఇట్లు,
పేజీ తిరిగి రాసిన
నీ పెద్దమ్మాయి