కిరీటం కింద పెట్టాల్సిన దూది చుట్ట

నాన్నా,
నేను కులాసాగానే ఉన్నాను, కంగారుపడకు.

మా కొత్త నాటకంలో పాతకాలపు రాణి దుస్తులకి జిప్పు పెట్టి కుట్టాను, సైకిల్ చైనుతో కిరీటం చేశాను. అందరూ తెగ మెచ్చుకున్నారు. నిన్న రిహార్సల్లో రెండో అంకానికల్లా రాణి వేషం వేసిన అమ్మాయి నుదురు ఒరుసుకుపోయి నెత్తురొచ్చింది. "ఇక నువ్వే పెట్టుకో" అని కిరీటం నా ఒళ్ళో పడేసి వెళ్ళిపోయింది పాపం.

మూడేళ్ళ కిందట నేను ఈ నాటకాల పనికి బయల్దేరుతుంటే, "కిరీటం బరువు నుదుటి మీద పడకూడదమ్మా, నడినెత్తిన ఆనాలి" అన్నావు. నలభై ఏళ్ళు నాటకాలవాళ్ళకి కుట్టినవాడివి. అయినా "ఇప్పుడవన్నీ ఎవరికి కావాలి నాన్నా" అని నీ నోరు మూయించాను. నువ్వు నా పెట్టెలో ఒక దూది చుట్ట పెట్టావు. నిన్న దాన్ని కిరీటం లోపల పెట్టి చూస్తే అతికినట్టు సరిపోయింది. ఏం లాభం? ఇన్నాళ్ళూ దానికి గుండుసూదులు గుచ్చుతూ వచ్చాను. విరిగిన మొనలు లోపలే ఉండిపోయాయి. ఇంకెవరి నెత్తిన పెట్టను?

ఇంకొకటి కుట్టి పంపుతావా? చూపు ఆనకపోతే అమ్మ చేత దారం ఎక్కించుకో. కంట్లో చుక్కలు వేసుకుంటున్నావా? చెల్లి దగ్గు తగ్గిందా? ఇద్దరికీ నా ముద్దులు.

చుట్టని ఎలా వాడాలో కూడా వివరంగా రాయి నాన్నా. ఈసారి మధ్యలో నోరెత్తను.

నీ పెద్దమ్మాయి