చావు కబురుకు ముందస్తు అనుమతి

శ్రీయుత సబ్ కలెక్టరు గారికి,
మదనపల్లె.

తేది: 11-8-2003

అయ్యా,

విషయం: మా ఊరి కేబుల్ టీవీ కార్యక్రమాలకు వారం ముందు అనుమతి పొందాలనే నిబంధన నుండి చావు కబుర్లను మినహాయించుట గురించి.

నేను రాళ్ళకుంటపల్లె కాపురస్థుడను, రైతును. క్రింది సంగతులు తమ దృష్టికి తెస్తున్నాను.

1. మా ఊరికీ చుట్టుపక్కల పల్లెలకూ మునిరాజు అనే అతను కేబుల్ కనెక్షన్లు ఇచ్చాడు. రోజూ సాయంత్రం ఈ ఊళ్ళ సంగతులు చెబుతాడు. తప్పిపోయిన ఆవులు, కరెంటు కోత వేళలు, చావు కబుర్లు. ఇది వచ్చాక చావు చెప్పడానికి ఊరూరికీ మనిషిని పంపే అలవాటు పోయింది.

2. వేసవిలో అతను మండల సమావేశాన్ని చూపించాడు. అందులో ఇద్దరు సభ్యులు నిద్రపోతూ కనిపించారు. ఆ తరువాతనే కేబుల్ ప్రసారాల పర్యవేక్షణ సంఘం ఏర్పడింది. ఏ కార్యక్రమమైనా వారం ముందు రాసి సమర్పించాలని, లేనిచో పరికరాలు జప్తు చేస్తామని నోటీసు ఇచ్చింది. నిద్రపోయిన సభ్యులకు నోటీసు ఇచ్చినట్లు మాకు తెలియదు.

3. పోయిన గురువారం మధ్యాహ్నం మా నాయన నారాయణప్ప కాలం చేశాడు. మునిరాజు వెంటనే చీటీ రాసుకుని సంఘం కార్యాలయానికి పోయాడు. అక్కడి మాటలు అతను చెప్పినవి చెప్పినట్లు రాస్తున్నాను.

గుమాస్తా: "వారం ముందు ఇయ్యాల గదప్పా, రూలు తెలీదా?"

మునిరాజు: "వారం ముందు ఆయన బాగుండె సార్. చేన్లో కలుపు తీస్తాండె."

గుమాస్తా: "అర్జెంటయితే అధ్యక్షుడి సంతకం గావాల. ఆయప్ప పుంగనూరుకు పెండ్లికి పోయుండాడు. సోమవారం రా."

మునిరాజు: "అందాకా పీనుగను యాడ పెట్టుకునేది సార్?"

గుమాస్తా: "అది మా సెక్షన్ గాదు."

4. కుప్పంలోని మా మేనత్తకు ఫోను చేస్తే తెల్లారేసరికి వచ్చింది. పక్క ఊళ్ళో ఉన్న మా పెదనాయన కొడుకులు రాలేదు. వారికి ఫోను లేదు, కేబుల్ ఉంది. ఉదయం పాల వ్యాను అతనితో చెప్పి పంపినా నమ్మలేదు. మా నాయన పోయాడని ఇదివరకు ఒకసారి ఉత్త పుకారు పుట్టింది. అప్పుడు వాళ్ళు ఏడుస్తూ వచ్చి, ఆయనతో కలిసి భోంచేసి పోయారు. ఈసారి దాయాదులు లేక పాడెకు ఒక భుజం మునిరాజు పట్టాడు.

మట్టి చేసి వచ్చాక వారిలో పెద్దవాడు చిన్నస్వామి మా వాకిట్లో నిలబడి అన్న మాటలు:

"పాలాయప్ప చెప్తే నమ్మేదెట్లప్పా? టీవీలో రాలేదే! చేని గట్టు తగాదా మనసులో పెట్టుకోని మమ్మల్ని దూరం పెట్టినావు. దినాలకన్నా టీవీలో పిలువు, నలుగురూ ఇనేట్టు. అట్లయితేనే వస్తాం. లేదంటే నీ గడప మేం తొక్కం, మా గడప నువ్వు తొక్కొద్దు."

5. దినాలు వచ్చే ఆదివారం. పెండ్లికి పోయిన అధ్యక్షుడు ఈ రోజుకూ తిరిగి రాలేదు. ఈ రోజే దరఖాస్తు పెట్టినా వారం నిండేసరికి ఆదివారం దాటిపోతుంది. సంఘం వారు ఆ లెక్క వేసుకున్నారో లేదో నాకు అనవసరం. మా పెదనాయన కొడుకులు లేకుండా మా నాయన దినాలు జరగవు.

కావున చావుకూ దినాలకూ సంబంధించిన కబుర్లకు అనుమతి అక్కరలేదని ఉత్తర్వు ఇప్పించాలి. దీనిని దయగా కోరడం లేదు. ఉత్తర్వు వచ్చినా రాకపోయినా బుధవారం సాయంత్రం మునిరాజు మైకు ముందు కూర్చుని పిలుపు నేనే చదువుతాను. చిన్నస్వామి పేరు మొదట చదువుతాను. జప్తుకు వచ్చేవారు నన్ను తీసుకుపోవచ్చు. మునిరాజు వైర్ల మీద చెయ్యి వేయరాదు.

చిత్తగించవలెను. తీరిక లేకుంటే, బుధవారం మనిషిని పంపి వినిపించుకోవలెను.

ఈ ఒక్క సంగతిలో తప్ప తమ విధేయుడు,
ఎన్. దేవరాజులు

తా.క.: మా అమ్మ మంగమ్మ ఈ అర్జీ చదివించుకుని విన్నది. "ఇంత కోపంగా రాస్తివి, మనిషిని పిలవకుంటే ఎట్లరా? ఆ సారును గూడా ఆదివారం భోజనానికి రమ్మని రాయి. టీవీలో చెప్పేదాకా కాచుకోవద్దని రాయి" అన్నది. రాశాను.