మన మీద పెట్టిన సబ్జెక్టు

పూజ్యులైన మావయ్యకి,

మేనకోడలు నమస్కరించి రాసేది. నేనిక్కడ క్షేమం. హాస్టల్లో నా గది కిటికీ వంటింటి పొగగొట్టానికి ఎదురుగా ఉంది. ఏ పూట ఏం మాడిందో అందరికన్నా ముందు నాకే తెలుస్తుంది.

కొండ మీద ఫోను పలకదు కాబట్టి ఈ సంగతి ఉత్తరంలోనే చెప్పాలి. నేను కామర్స్ మానేశాను. కంగారుపడకు, చదువు మానలేదు, డిపార్టుమెంటు మారానంతే. ఇప్పుడు చదువుతున్నది ఆదివాసుల చరిత్ర, సంస్కృతి, రాజకీయాలు. అంటే మన గురించే, మావయ్యా! మూడేళ్ళు!

మొదటి రోజే నిర్ఘాంతపోయాను. మేడమ్ తెర మీద ఒక ఫోటో వేసి, "ఈ కట్టడం దేనికి వాడేవారో ఇంకా తేలలేదు" అన్నారు. నేను చెయ్యెత్తి, "అది మా పశువుల పాకండీ. ముందు నిలబడి ఆవులిస్తున్నది మా మావయ్య" అన్నాను. క్లాసంతా వెనక్కి తిరిగి నన్నోసారి చూసి, ఆ ముక్క నోట్సులో రాసుకుంది.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క.: రాజకీయాల పేపరుకి "కొండపెద్దను ఎన్నుకునే పద్ధతి" అని వ్యాసం రాయాలి. మన కొండపెద్దవి నువ్వే కదా, నీ గురించే రాస్తాను. కొండపెద్ద సంతకంతో అనుమతి పత్రం కావాలట. వెంటనే పంపించు.

*

చిరంజీవి కోడలు పిల్లకి,

మావయ్య ఆశీర్వదించి రాసేది. నీ ఉత్తరం చూసి నాకు గుండె ఆగినంత పనైంది. మూడేళ్ళ పాటు మన గురించి చదువుతారా? మనమేం చేశామని? దొంగతనం కేసు కూడా ఇన్నాళ్ళు నడవదే! ఎవరు పెట్టారు ఈ సబ్జెక్టు మన మీద?

అందులోనూ ఎన్నిక పద్ధతి గురించి అడుగుతున్నారంటే నాకు అర్థమైంది. సరే, ఉన్నదున్నట్టు చెబుతున్నా, రాసుకోమను. ఆ రోజు సభ ఇంటి తలుపు గడియ దానంతటదే పడింది. నేను వెయ్యలేదు. దానికి ఆనుకుని నిలబడ్డానంతే. అందరూ ఏకగ్రీవంగా నన్ను ఒప్పుకున్నాకే అది ఊడొచ్చింది. అందులో నా ప్రమేయమేమీ లేదు.

ఇట్లు,
మీ మావయ్య, కొండపెద్ద

తా.క.: మీ నాన్న ఈ మధ్య నన్ను చూసి ఊరికే నవ్వుతున్నాడు. పుస్తకంలో ఏం రాశారో ఆయనకి ముందే తెలుసా?

*

పూజ్యులైన మావయ్యకి,

నీ ఉత్తరం చదివి నోరు తెరిచిందాన్ని ఇప్పటిదాకా మూయలేదు. కేసు లేదు, పోలీసులు లేరు. ఇది చదువు! అయినా గడియేంటి? నేనెప్పుడడిగాను గడియ గురించి?

ఇక్కడ చెప్పేవి పెద్ద పెద్ద సంగతులు. నిన్న క్లాసులో విన్నదానికి నాకు నిద్ర పట్టలేదు. దూరదేశాల్లో మనలాంటి వాళ్ళ భూములు ఎలా పోయాయో తెలుసా? యుద్ధాలతో కొన్నే. చాలా చోట్ల బయటివాళ్ళు వచ్చి, జనాన్నెవరినీ అడక్కుండా, వాళ్ళ పెద్దనొక్కడిని పక్కకు పిలిచి, ఓ మంచి కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టి, ఆయన చేత వేలిముద్ర వేయించుకున్నారట. ఆయన కుర్చీలోంచి లేచి చూసేసరికి కొండ లేదు. ఇది విని క్లాసులో ఎవరూ పెన్ను కదపలేదు.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క.: అనుమతి పత్రం పంపలేదు. గడియ గురించి ఇంకాస్త వివరంగా రాయి. మేడమ్ చాలా ఆసక్తిగా ఉన్నారు.

*

చిరంజీవి కోడలు పిల్లకి,

ఆ కుర్చీ సంగతి నీకెవరు చెప్పారు?

దూరదేశాలని పైకి రాశావు గాని, నాకు తెలీదా నువ్వెవర్ని అన్నావో! కుర్చీ వచ్చి పట్టుమని నెల కాలేదు, అప్పుడే పాఠంలో కూడా చేర్చారా? క్వారీ వాళ్ళు అభిమానం కొద్దీ ఇచ్చారు. నడుం నొప్పికి మంచిదన్నారు. అది తిరుగుతుంది. అంతే. నేను ఏ కాగితం మీదా ఇంకా సంతకం పెట్టలేదు. వచ్చే వారం పెడదామనుకున్నానంతే.

నా పేరు పుస్తకాలకెక్కి చెడిపోవడం నేను చూడలేను. ఆదివారం సభ పెడుతున్నా. తలుపులు బార్లా తెరిచి, నీ ఉత్తరాలన్నీ పైకి చదివి, ఎన్నిక మళ్ళీ పెట్టించి గెలుస్తా. అది రాసుకోమను మీ మేడమ్‌ని.

ఇట్లు,
మీ మావయ్య, కొండపెద్ద

తా.క.: కుర్చీ మీద గోనెసంచి కప్పి దాచాను. పిల్లలు దాన్ని సంచీతో సహా తిప్పుతున్నారు.

*

మావయ్యా,

నమస్కారాలు తర్వాత. క్వారీయా? ఏ క్వారీ? ఎక్కడ? ఊట ఉన్న వైపు కొండేనా? ఆ ఊట పోతే కింద ఒక్క ఇంట్లోనైనా నీళ్ళుంటాయా? ఇంత జరుగుతుంటే నాన్న చెప్పలేదు, అమ్మ చెప్పలేదు. వాళ్ళకే తెలీదా? మెస్‌లో కంచం ముందు కూర్చుని నీ ఉత్తరం విప్పాను, అన్నం వదిలేసి ఇది రాస్తున్నాను.

నీ ఉత్తరాలు మేడమ్‌కి చూపించాను. ఆవిడ నవ్వీ నవ్వీ, కుర్చీ దగ్గరికొచ్చేసరికి నవ్వడం మానేశారు.

కొండంటే నీ పశువుల పాక కాదు. నువ్వొక్కడివే కూర్చుని నిర్ణయించే హక్కు నీకెవరిచ్చారు? గడియ ఇచ్చిందా? సంతకం పెట్టకు. జనాన్ని అడుగు.

నీ మేనకోడలు

తా.క.: దయచేసి నా ఉత్తరాలు సభలో చదవకు. ముఖ్యంగా ఇది.

*

గౌరవనీయులైన కొండపెద్ద గారికి,

మాజీ కొండపెద్ద నమస్కరించి రాయునది.

కంగారుపడకు తల్లీ, పైన రాసింది తప్పేం కాదు. జరిగింది జరిగినట్టు చెబుతా. ఆదివారం సభకి మనిషన్నవాళ్ళంతా వచ్చారు. బల్లలు చాలక, నేను కుర్చీ తెప్పించుకుని కూర్చున్నా. నీ ఉత్తరాలు గొంతెత్తి చదువుతున్నా. "ఓ మంచి కుర్చీ ఇచ్చి" అన్న చోట సభంతా నా వైపు తిరిగింది. నేను అటు తిరిగిపోదామనుకున్నా గాని, ఆ పాడు కుర్చీ చుట్టూ తిరిగి మళ్ళీ వాళ్ళ ముందుకే తెచ్చింది.

సరిగ్గా అప్పుడే సభకొచ్చిన పోస్టుమాన్, ముందు రోజు ఇవ్వడం మరిచిన నీ చివరి ఉత్తరం తీసిచ్చాడు. చదివే ఊపులో ఉన్నా కదా, అదీ చదివేశాను. తా.క. కూడా.

ఎవరూ నవ్వలేదు. మా రేడియో అత్త లేచింది. కొండంతటికీ వినబడే గొంతు కాబట్టే ఆవిడకా పేరు. ఆ రోజు మాత్రం మెల్లగా, "నిజంగా ఊట అమ్మేస్తున్నావా, నాయనా?" అని అడిగింది. తిడితే బాగుండేది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఎన్నిక మళ్ళీ పెడితే, ముందు మీ నాన్నని పెద్దగా ఉండమన్నారు. "నాకెందుకు? ఆ ఉత్తరాలు రాసినదాన్ని పెట్టండి" అన్నాడు. చేతులు లేచాయి. చూద్దును కదా, నాదీ లేచి ఉంది! నేను ఎత్తినట్టు గుర్తు లేదు. దించబుద్ధి మాత్రం కాలేదు.

నీ అనుమతి పత్రం సంగతి: కొండపెద్ద సంతకం కావాలన్నావు కదా, నువ్వే పెట్టుకో. తొందరపడకు, అడిగింది ఎవరో కాస్త విచారించి మరీ పెట్టు.

ఇట్లు,
మీ మావయ్య

తా.క.: పొద్దున క్వారీ వాళ్ళ జీపొచ్చింది. "పెద్దగారేరీ?" అన్నారు. "క్లాసులో ఉన్నారు" అన్నా. "ఏం చదువుతున్నారు?" అన్నారు. "మిమ్మల్నే" అన్నా.