పొట్టి గొట్టం తుపాకి

మామా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడేళ్ళు. ఇక్కడ సింగపూర్‌లో నా కూతురు బడిలో తుపాకి కాల్చడం నేర్చుకుంటోంది. ఈ డాట్‌కామ్ హడావుడిలోనూ సగం రోజు సెలవు పెట్టి చూడ్డానికి వెళ్ళాను. పొడుగు తుపాకి ఎత్తేసరికి దాని చేతులు వణికాయి.

"టూ హెవీ లా, అమ్మా," అంది ఇక్కడి యాసలో.

చిన్న చేతులకి తుపాకి ముందువైపు బరువు ఉండకూడదని కోచ్ పొట్టి గొట్టంది ఇచ్చాడు. గురి కుదిరింది.

కుందేళ్ళ వేటకని నువ్వు చిన్న రైఫిల్ కొన్న రోజు గుర్తొచ్చింది. ఆరడుగుల మనిషి పొట్టి గొట్టం ఏరుకున్నాడని కొట్టాయన నవ్వాడు. "పొడుగుదైతే పొదల్లో తగులుకుంటాదిలే," అన్నావు. నీ పక్కనున్న నాకప్పుడు పదేళ్ళు. ఆ తుపాకితోనే నాకు గురి నేర్పావు.

మన ఊరి చుట్టూ అన్నీ బయలు చేలే. పొదలెక్కడివి, మామా?