చీర కప్పిన మిషను

ఏప్రిల్ 7, సోమవారం
రాజవ్వ డాబా మీద దుమ్ము కొలిచే మిషను పెట్టాను. ఎనిమిది గంటలు గాలి లాగాలి, లోపలి తెల్ల కాగితం మీద దుమ్ము పట్టాలి. గంటగంటకూ చూడాలి. మా ల్యాబులో మనుషులు తక్కువ — పొగ కొలవమని నన్ను ఫ్యాక్టరీ చిమ్నీ ఎక్కమన్నారు. సాయంత్రం వచ్చి చూస్తే మిషను మీద రాజవ్వ పాత నీలం చీర. రెండు మడతలు వేసి, తాడుతో కట్టింది.
"లారీలు పోతుంటే ఒకటే దుమ్ము కొడుకా. నీ మిషను ఖరాబైతదని కప్పిన."
కింద మంచం మీద మల్లయ్య కాక దగ్గులోనే నవ్వాడు. "పెనిమిటికి కప్పలే. మిషనుకు కప్పింది సూడు!"

ఏప్రిల్ 8, మంగళవారం
కాగితం తూచాను. ముందు ఎంతో, తర్వాతా దాదాపు అంతే.
బొగ్గు లారీలను బయటి దారిన తిప్పమని వాడకట్టు జనం అర్జీ పెట్టారు. దానికి ఈ రిపోర్టే సాక్ష్యం.
మళ్ళీ పెడతానన్నాను. మా మేనేజరు సారు — "గడువు ఇయ్యాల్టికే ఆఖరు. వచ్చిన లెక్క వచ్చినట్టు పంపు."
చీర సంగతి చెప్పలేదు. చూడని ఎనిమిది గంటలూ చూసినట్టు గంటల పట్టీ నింపాను. సంతకం పెట్టాను.

ఏప్రిల్ 24
అర్జీ తోసిపుచ్చారు. గాలి హద్దులోనే ఉందట.

మే 3
చాయ్ ఇస్తూ రాజవ్వ — "మనింటి మీది మిషను మంచిగనే చెప్పిందట గద. మరి గీ ముసలోనికి దగ్గు, దమ్ము ఎందుకు తగ్గుతలేవు?"
కాక — "బొగ్గు బాయిల ముప్పై ఏండ్లు పీల్చిన. మిషను ఒక్క రోజు పీల్చింది. దానికేం ఎరుక..."
గ్లాసు అట్లాగే పెట్టి వచ్చాను.

మే 19
గోదావరిఖనిలో ఎండ మండిపోతోంది. ఆ మిషను కాగితం ఈ డైరీలోనే, ఏప్రిల్ 7 పేజీలో. ఇంకా తెల్లగానే ఉంది. పేజీ తిప్పాలంటే చెయ్యి రాదు.

మే 28
మల్లయ్య కాక పోయాడు.
గని దుమ్మో, లారీల దుమ్మో — ఎవరు తూస్తారు? తూచేవాణ్ణి నేనే.

జూన్ 7, శనివారం
పదకొండో రోజు. కాక ఫోటో మీద అదే నీలం చీర. జనం వచ్చాక తీసింది. "దుమ్ము పడుతంది కొడుకా."
చెప్పాలని నోరు తెరిచాను. నా ముందు విస్తరి వేసింది. "తిను."

జూన్ 8, ఆదివారం
వాన ఇంకా లేదు. ఆఫీసులో ఎవరికీ చెప్పకుండా మిషను తెచ్చి అదే డాబా మీద పెట్టాను. పక్కనే కూర్చున్నాను. ప్రతి గంటా చూశాను. మధ్యాహ్నం రాజవ్వ చీర పట్టుకొని మెట్లెక్కింది.
"వద్దవ్వా. పడనియ్యి."
"ఖరాబైతది గద?"
"కాదు. దుమ్ము పడాలె. పడితేనే లెక్క తెలుస్తది."
చీర వైపు ఒకసారి, మిషను వైపు ఒకసారి చూసింది. చీర మడిచి చంకన పెట్టుకుని దిగిపోయింది.

జూన్ 10
తూచాను. హద్దుకు రెట్టింపు. కాగితం బూడిద రంగు.

జూన్ 11
కాలుష్యం ఆఫీసుకు ఉత్తరం మొదలుపెట్టాను. 'ఏప్రిల్ 7న నేను మిషను దగ్గర లేను. గంటల పట్టీ నేను కల్పించి రాసింది.' ఈ రెండు వాక్యాలు తేలిగ్గానే వచ్చాయి. పని పోతుంది, పోనీ. మూడో వాక్యంలో చీర రాయాలి. రాస్తే, విచారణకు వచ్చిన సారు మొదట అడిగేది రాజవ్వనే — కప్పింది నువ్వేనా అవ్వా, అని.
రాయకుంటే ఆ కాగితం ఎందుకు తెల్లగా ఉందో ఎవరికీ తెలియదు.

జూన్ 12
ఉత్తరంలో మూడో వాక్యం లేదు. తెల్లదీ, బూడిదదీ — రెండు కాగితాలూ ఉత్తరంతోనే కవరులో. అతికించలేదు.
పొద్దున రాజవ్వ ఫోను. "కొడుకా... గా పొద్దు నేను కప్పిన గద. ఏమన్న తప్పైందా?"
నేను ఫోను పెట్టెయ్యలేదు. ఆమె కూడా పెట్టెయ్యలేదు. ఫోనులో ఆ ఇల్లు వినిపిస్తూనే ఉంది — లారీ ఒకటి, వెనక ఇంకొకటి. దగ్గు లేదు.